ఒరిగి నిలబడ్డ దవడ పన్నుగారికి

శ్రీ కింది దవడ పన్నుగారికి, అమలాపురం నుంచి నమస్కారాలండి.

మీరు నిటారుగా లేరని స్కాన్ తీయించాక తెలిసింది. నాలుక వైపు ఒరిగారట. మీ ఎదురింటి పై దవడవారేమో బుగ్గ వైపు వాలారట. పెద్దవాళ్లలో ఇది మామూలేనని డాక్టరుగారు చెప్పినా మా ఇంట్లో టెన్షన్ తగ్గలేదు. పెళ్లిచూపులకి పళ్లు వరసలో ఉండాలి కదండీ! మీరుండేది ఎవరికీ కనపడని మూల అని మా పెద్దమ్మకి ఎవరు చెప్తారు?

ఆరేళ్ల వయసులోనే వచ్చారు. ఏ పాలపన్నూ ఊడకుండా వెనకాల చోటు చూసుకుని కూర్చున్నారు గనక మిమ్మల్నీ పాలపన్నే అనుకున్నారు. ఎలాగూ ఊడేదేగా అని, పుచ్చుతున్నా వదిలేసే ఇళ్లు మా వైపు కొల్లలు. ఇప్పుడేమో డిగ్రీల్లో కొలుస్తున్నారు. ఏం మర్యాదండీ!

ఆ కొలత కథ వేరు. 1972లో ఆండ్రూస్ అనే అమెరికా డాక్టరు, క్లిప్పులు పెట్టించుకోకుండానే పలువరస బాగున్నవాళ్ల పళ్ల అచ్చులు 120 పరిశీలించి, కింది వరసలో వెనక్కి వెళ్లేకొద్దీ ఒరుగు పెరుగుతుందని రాశాడు. అచ్చులో కనపడేది పైభాగమే, వేరు ఎటు పోయిందో తెలీదు. ఓపీజీ ఎక్స్‌రేలో దవడంతా పడుతుంది గానీ నాలుక వైపు వాలు తేలదు. మీకు తీయించిన సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తల చుట్టూ తిరిగి తీస్తుంది కాబట్టి మిమ్మల్ని వేరుతో సహా అడ్డంగా కోసినట్టు చూడొచ్చు. తగువు తీరిందా? లేదు. పన్ను బయటి ముఖాన్ని పట్టుకుంటే ఒక కోణం, వేరు నుంచి నడిమి గీత గీస్తే ఇంకో కోణం. ఏ గీత నుంచి కొలిచారో చెప్పకుండా అంకె చెప్పడమంటే సర్వే రాయి చూపించకుండా గట్టు కొలవడమే. మా కోనసీమలో దానికి కోర్టు దాకా వెళ్తారు.

పై దవడ ఇరుకైతే పైవారు ఇంకాస్త బయటికి వాలతారు, మీరు ఇంకాస్త లోపలికి ఒరుగుతారు, ఎలాగో కలిసి నమిలేస్తారు. అన్నదమ్ముల్లో కూడా చూడలేదండీ ఇంత సర్దుబాటు. పైవారి సంగతి చూడకుండా మిమ్మల్నొక్కర్నే నిటారుగా లేపితే కాటు అడ్డం తిరుగుతుంది.

ఒరుగు తగ్గిందేమో మళ్లీ స్కాన్ తీయించమని పెద్దమ్మ పోరుతోంది. ఓపీజీ కంటే దాంట్లో రేడియేషన్ ఎక్కువ, ఊరికే తీయించనని చెప్పాను.

"అయితే ఫొటోలో నోరు మూసుకోరా" అంది.

ఇట్లు,
మీ ఇంటి ఓనరు