ఎవరి బ్యాగు విసురుతారు?

(బెంగళూరు మారతహళ్లి. మా పక్క ఫ్లాటు మూర్తిగారు, పద్మగారు. మధ్యనున్నది పేరుకే గోడ. రేపు రాత్రి దాండేలి బస్సు, అక్కడ కాళీ నదిలో రబ్బరు బోటు మీద రాఫ్టింగు.)

మూర్తి: రాఫ్టింగ్ వాళ్లు జాగ్రత్తలు పంపారు, విను. ఎవరైనా నీళ్లలో పడితే గైడు వెంటనే బ్యాగు విసురుతాడట.

పద్మ: ఎవరి బ్యాగు?

మూర్తి: ఎవరిదేంటే? బోటులో ఉన్నది.

పద్మ: బోటులో ఉండేది నాదేగా! మీరెలాగూ చేతులూపుకుంటూ వస్తారు. చక్కిలాలు, మీ బీపీ మాత్రలు అన్నీ అందులోనే. మీరు పడితే నా బ్యాగెందుకు విసరాలి?

మూర్తి: నేనే పడతానని ఎవరన్నారు?

పద్మ: బాత్రూమ్‌లో జారే మనిషి కాళీ నదిలో నిలబడతారా?

మూర్తి: అసలు నిలబడకూడదట. రాళ్ల సందులో కాలు ఇరుక్కుంటుందట. వెల్లకిలా తేలుతూ, పాదాలు పైకెత్తి, నీళ్లు పోయే వైపు కాళ్లు చాపాలి.

పద్మ: వెల్లకిలా పడుకోవడమేగా, ప్రతి ఆదివారం మీకదే పని. బ్యాగు సంగతి తేల్చండి.

మూర్తి: ఆ బ్యాగులో తాడుంటుందే!

పద్మ: నాకున్న తాడొక్కటే, అది మెడలో ఉంది. విసరమంటారా?

(నేను టీవీ సౌండు తగ్గించాను.)

మూర్తి: గైడు బ్యాగే తల్లీ! తాడు కొస తన దగ్గరుంచుకుని బ్యాగు విసురుతాడు. మనం తాడు పట్టుకోవాలి, చేతికి చుట్టుకోకూడదు.

పద్మ: చార్జర్ వైరే చుట్టడం రాదు మీకు, ఆ భయం లేదు. పాపం, బ్యాగు విసిరేస్తే ఆ అబ్బాయి టిఫినేం కావాలి?

మూర్తి: అందులో టిఫినుండదు! తాడే!

పద్మ: ఉత్త తాడుతో పనిలోకొస్తాడా? తింటాడో లేదో. పులిహోర ఎక్కువ కలుపుతాను.

మూర్తి: సూపా డ్యామ్ నీళ్లు వదిలితేనే రాఫ్టింగట.

పద్మ: మన కావేరి నీళ్లలాగే అన్నమాట. మోటారు దగ్గర కాపలా కాయాలా?

మూర్తి: తెడ్డు పైనున్న అడ్డపిడి వదలకూడదట. వదిలితే పక్కవాళ్ల పళ్లు రాలతాయి.

పద్మ: అయితే నేను మీ వెనక కూర్చుంటా. ఫారంలో బీపీ ఉందని రాశారా?

మూర్తి: రాస్తే ఎక్కనివ్వరేమో.

పద్మ: రాయండి.

మూర్తి: అంత డబ్బు కట్టి...

పద్మ: రాయమన్నానా! ఎక్కనివ్వకపోతే ఒడ్డున చక్కిలాలు తిందాం. డబ్బు పోతే పోయింది. లైఫ్ జాకెట్ కూడా ఊపిరాడనిచ్చేంతలో గట్టిగా బిగించుకోండి, పొట్ట లోపలికి లాక్కుని ఫొటో కోసం వదులు చెయ్యకండి. మీ కళ్లజోడుకి తాడు కట్టాను.

మూర్తి: ...రాశాను. చాలా?

పద్మ: ఆ అబ్బాయికి ఇంగువ పడుతుందో లేదో కనుక్కోండి.

మూర్తి: ఆ బ్యాగులో తాడే ఉంటుందని ఎన్నిసార్లు చెప్పాలే!

పద్మ: తాడు పక్కన చిన్న పొట్లం పట్టదా?