రాని పుస్తకానికి రాజపూజ్యం ఐదు

పుస్తకం చదివి సమీక్ష రాయడమనే పాతకాలపు దురలవాటు మన సాహిత్యరంగంలో ఇంకా అక్కడక్కడా మిగిలి ఉండటం విచారకరం. చదివినవాడికి పక్షపాతం వస్తుంది. ఆరు వందల పేజీలు ఓపిగ్గా తిప్పినవాడు పడిన శ్రమకు ఫలం ఉందని తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. లేకపోతే ఆ శ్రమకు కారకుడైన రచయిత మీద కక్ష పెంచుకుంటాడు. రెండూ విమర్శకుడికి తగని లక్షణాలే. నిష్కళంకమైన విమర్శ అంటే ఇంకా విడుదల కాని పుస్తకం మీద రాసేదే. ఇంగ్లీషు సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలల లోకం ఈ సత్యాన్ని ఎప్పుడో గ్రహించింది. జరగని సంగతుల గురించి రాసే నవలకు రాని పుస్తకం మీద రాసే సమీక్షే సరిజోడి కదా. అయితే ఈ విద్యకు రాజధాని కావలసిన ఊరు కడప అని ఆ లోకానికి ఇంకా తెలియదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ముందుగా అక్కడి ఆచారాలు. అమెరికాలో 1968లో మొదలైన ‘లోకస్’ పత్రిక ఈ రంగానికి గెజిట్ వంటిది. రాబోయే నెలల్లో ఏ సంస్థ ఏ నవల తేబోతోందో అందులో జాబితాలు వస్తాయి. విడుదలకు కొన్ని నెలల ముందే, అచ్చుతప్పులు దిద్దని ప్రతులు సమీక్షకులకు అందుతాయి. ఇప్పుడైతే ముందస్తు ప్రతులు పంచే నెట్‌గ్యాలీ వెబ్‌సైటు పుణ్యమా అని నేరుగా ఫోనులోకే దిగుతాయి. ఇది అమ్మకానికి కాదనీ, తుది ప్రతితో సరిచూసుకోకుండా ఇందులోని వాక్యాలు ఉటంకించవద్దనీ అట్ట మీద హెచ్చరిక ఉంటుంది. తీర్పు తప్పితే తుది ప్రతిలో మార్చేశారని తప్పించుకోవచ్చన్నమాట. ఇంత పటిష్ఠమైన ముందస్తు బెయిలు మన న్యాయస్థానాల్లో కూడా దొరకదు. పుస్తకానికి ముందు ముఖచిత్రం విడుదలవుతుంది, దాని మీదా అభిప్రాయాలు వెల్లువెత్తుతాయి. చివరికి పుస్తకం, చాలావరకు, ఒక మంగళవారం నాడు బయటికొస్తుంది. మంగళవారం మనవాళ్లు గోళ్లు కూడా తీసుకోరు. అక్కడి రచయితల రెండో సంపుటాలు ఎందుకు ఆలస్యమవుతాయో పంచాంగం తెలిసినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. తెలుగునాట ఏ పుస్తకావిష్కరణ సభకైనా వెళ్లి చూడండి. ముఖ్య అతిథి మైకు సవరించుకుని, ‘పుస్తకం ఇప్పుడే వేదిక మీద చేతికి అందింది, పూర్తిగా చదివే అవకాశం కలగలేదు’ అని మొదలుపెట్టి ముప్పావు గంట మాట్లాడతారు. అట్ట బాగుందంటారు. రచయిత తండ్రిగారితో తమకున్న పరిచయం చెబుతారు. చివర్లో ఈ గ్రంథం తెలుగు సాహిత్యంలో మైలురాయి అంటారు. శాలువా కప్పుతారు. ఆ ఉపన్యాసంలో ఒక్క తప్పు పట్టుకోవడం ఎవరి తరమూ కాదు, సభలో ఉన్నవారు కూడా చదవలేదు కాబట్టి.

ఇక కడప అర్హతలు. రాబోయేదాన్ని సమీక్షించడంలో ఈ జిల్లాకున్న అనుభవం న్యూయార్క్ ప్రచురణ సంస్థలకు కూడా ఉండదు. మా ఉక్కు కర్మాగారం సంగతే చూడండి. మొదటి శంకుస్థాపన జమ్మలమడుగు ప్రాంతంలో 2007లో జరిగింది. 2014 రాష్ట్ర విభజన చట్టం, కర్మాగారం పెట్టడం సాధ్యమో కాదో ఆరు నెలల్లో పరిశీలించమంది. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర ఒక రాయి, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర ఒక రాయి, 2023 ఫిబ్రవరిలో మళ్లీ ఒక పూజ. ప్రచురణకర్త మారినప్పుడల్లా కొత్త ముఖచిత్రం, కొత్త సంపాదకుడు, అదే కథ. ఉక్కు మాత్రం ఇంకా రాబోయే జాబితాలోనే ఉంది. అయినా మా సమీక్షకులు నిరాశపడలేదు. పొగ గొట్టం ఏ దిక్కున లేస్తే ఏ ఊరి మీద మసి పడుతుందో, ఉద్యోగాల్లో స్థానికులకు ఎన్ని వస్తాయో, కార్మికుల కాలనీలో ఎకరం ధర ఎంత పలుకుతుందో టీ అంగళ్ల దగ్గర తేల్చేసిన మేధావులు వీళ్లు. లేని లోకాన్ని నమ్మేలా కట్టడమే ఫాంటసీకి ప్రాణమంటారు. ఆ కట్టడంలోని లోపాలను కట్టకముందే ఎత్తిచూపగల వీళ్లకు మూడు డ్రాగన్లు, ఒక అనాథ యువరాజు ఏపాటి?

వారసత్వమూ తక్కువేమీ కాదు. కాలజ్ఞానం చెప్పిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఈ జిల్లా కందిమల్లాయపల్లెలోనే స్థిరపడ్డారు. ఎక్కడ ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అనుకోవడం మాకు అలవాటు. ‘నేను అప్పుడే రాశాను’ అని సమీక్షకుడు మీసం మెలేసే భంగిమకు మూలం ఇక్కడే ఉంది. అల్లసాని పెద్దనకు అగ్రహారంగా వచ్చిన కోకటం కూడా మా జిల్లాదే. మాయకు హద్దులుండాలని నేటి ఫాంటసీ విమర్శకులు పట్టుబడతారు. ప్రవరుడిని హిమాలయాలకు చేర్చిన పాదలేపం అక్కడి మంచులోనే కరిగిపోయింది కదా, ఇంతకు మించిన హద్దు ఏముంటుంది? ఆనాడే ఒక సమీక్షకుడు ఆ లేపనానికి రెండు నక్షత్రాలిచ్చి, చలికి పనికిరాదని రాసి ఉంటే, ప్రవరుడు ఇల్లు కదలకుండా సంధ్యావందనం చేసుకునేవాడు. మనకు మనుచరిత్ర ఉండేది కాదు.

అయితే ఈ విద్యకు ఆదిగ్రంథం పక్కనున్న నంద్యాల రాజుకు అంకితమైందని ఒప్పుకోవాలి. 16వ శతాబ్దపు పింగళి సూరన కళాపూర్ణోదయంలో, ఇంకా పుట్టని కళాపూర్ణుడి కథను బ్రహ్మ సరస్వతికి ముందే చెబుతాడు. అక్కడున్న చిలుక వింటుంది, కథ బయటికి పొక్కుతుంది. విడుదలకు ముందే కథ లీకు చేసిన తొలి సమీక్షకురాలు ఆ చిలుకే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పడం వల్ల మాత్రం ఆమె ఆధునిక ప్రమాణాలకు నిలవదు.

నక్షత్రాల పద్ధతిని కూడా సంస్కరించాలి. లోకమంతా ఐదు నక్షత్రాలతో నెట్టుకొస్తోంది. మనకు 27 ఉండగా ఈ పేదరికం ఎందుకు? ఆమాటకొస్తే ఉగాది పంచాంగ శ్రవణాన్ని మించిన ముందస్తు సమీక్ష లేదు. రాబోయే ఒక ఫాంటసీ నవల ఉందనుకుందాం. తొలి పేజీలో పటం, వెనక అట్ట మీద తోటి రచయితల పొగడ్తలు, మొత్తం మూడు సంపుటాలని హామీ. దాని సమీక్ష ఇలా ఉండాలి: ఆదాయం 2, వ్యయం 14. రాజపూజ్యం 5, అవమానం 2. మొదటి కందాయంలో కొత్త పాత్రల రాక, మధ్య కందాయంలో వృథా ప్రయాణాలు, చివరి కందాయంలో బంధునష్టం. రెండో సంపుటానికి ఏలినాటి శని. ఏలినాటి శని కూడా ఏడున్నరేళ్లకు దిగిపోతుంది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ నవలామాల రాస్తున్న జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఐదో సంపుటం 2011లో వచ్చాక ఆరోదాని కోసం పాఠకులు పడుతున్న నిరీక్షణలో రెండు ఏలినాటి శనులు పట్టేస్తాయి. ఏ శాంతి జరిపించాలో అడిగితే చెప్పే పురోహితులు మా ఊళ్లో ఉన్నారు.

ఈ విద్యను దుర్వినియోగం చేసేవారూ లేకపోలేదు. 2023 చివర్లో అమెరికాలో ఒక కొత్త రచయిత మారుపేర్లతో ఖాతాలు తెరిచి, పాఠకులు పుస్తకాలకు నక్షత్రాలిచ్చే గుడ్‌రీడ్స్ వెబ్‌సైటులో తోటి కొత్త రచయితల రాబోయే పుస్తకాలకు ఒక్కో నక్షత్రం విసిరి, తన రాబోయే పుస్తకానికి ఐదేసి వేసుకోవడం బయటపడింది. ప్రచురణ సంస్థ ఆ నవలను జాబితాలోంచి తీసేసింది. మా సిద్ధాంతం ప్రకారం ఆ నవలకు అమరత్వం సిద్ధించినట్టే, ఇక దాన్ని చదివి ఎవరూ చెడగొట్టలేరు. ఏళ్ల తరబడి కూర్చుని రాసుకున్న తొలి నవలకు, తెరిచి చూడనివాడి చేతిలో ఒక్క నక్షత్రం పడ్డవాళ్లకు మాత్రం ఈ సిద్ధాంతం అంతగా రుచించదు. వారికి సిద్ధాంతాలు అర్థం కావు, కడుపుమంట అలాంటిది.

రాబోయే నవలల సమీక్షా పీఠం కడపలో పెట్టాలనగానే కర్నూలు అడ్డుపడుతుందని నాకు తెలుసు. వారి వాదనలోనూ బలముంది. 1953 సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో సైన్స్ ఫిక్షన్ రచనలకు తొలి హ్యూగో అవార్డులిచ్చారు. మరుసటి నెల ఒకటో తేదీన కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. 1954లో హ్యూగోలు ఇవ్వలేదు, 1955 నుంచి మళ్లీ ఏటా ఇస్తున్నారు. గుడారాల్లో కాపురం పెట్టిన రాజధాని 1956తో ముగిసిపోయింది. అప్పుడు కూడా హైకోర్టు గుంటూరులోనే ఉంది. కాబట్టి సమీక్షల మీద అప్పీళ్లు వినే ధర్మాసనం కర్నూలుకు ఇచ్చేద్దాం, ఆ ఊరికి అలాంటిది బాకీ ఉంది. ఎండలకు పేరుపడ్డ అనంతపురానికి వాయిదాల విభాగం. కనబడిన మేఘం కురుస్తుందో లేదో చెప్పడంలో అక్కడి రైతుకున్న నేర్పు, ప్రకటించిన తేదీకి నవల వస్తుందో లేదో చెప్పడానికి అక్షరాలా పనికొస్తుంది.

నన్ను భయపెడుతున్న ప్రమాదం వేరే ఉంది. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత హార్లన్ ఎల్లిసన్ 1973లో తెస్తానని ప్రకటించిన ‘ది లాస్ట్ డేంజరస్ విజన్స్’ అనే కథాసంకలనం ఏటా రాబోతూనే ఉండేది. ఎల్లిసన్ 2018లో కన్నుమూశారు. విమర్శకులు ఊపిరి పీల్చుకున్నారు. 2024లో ఆ పుస్తకం నిజంగానే వచ్చేసింది! యాభై ఏళ్లుగా దాని మీద దృఢమైన అభిప్రాయం పెట్టుకున్నవారంతా రాత్రికి రాత్రి దాన్ని చదవవలసిన దుస్థితిలో పడ్డారు. ఇలాంటి బాధితులకు మన పీఠం పింఛను ఏర్పాటు చెయ్యాలి. దరఖాస్తుతో పాటు ఆ పుస్తకం చదవలేదని గెజిటెడ్ అధికారి ధ్రువపత్రం జతచెయ్యాలి. కొన్న రసీదు దొరికినవారి పేర్లు పరిశీలించబడవు.