సులభంగా అమరే ఎస్‌ఎస్‌డీని నిషేధించాలి

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు సరిపడే ఎస్‌ఎస్‌డీని, అంటే హార్డ్‌డిస్క్‌కు బదులు ఫైళ్లు దాచే వేగవంతమైన డ్రైవ్‌ను, ఎంచుకోవడం తలనొప్పిగా ఉందని కొందరు వాపోతున్నారు. వీరికి చదువు విలువ తెలియదని చెప్పక తప్పదు. వారంటీ కార్డు గడువు ముగిశాకే బయటపడే మన ఇళ్లలో, నడివయసు గృహస్థుడి చేత మదర్‌బోర్డ్ (కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) మాన్యువల్‌ను చివరి పేజీ దాకా చదివించడం ఏ విశ్వవిద్యాలయానికీ సాధ్యం కాలేదు. ఆ ఘనత ఎస్‌ఎస్‌డీ పరిశ్రమదే.

పరిశ్రమ చేసిన అసలు మేలు మదర్‌బోర్డ్ మీది ఎం.2 స్లాటు. అందులో అమరేది 22 మిల్లీమీటర్ల వెడల్పు, సాధారణంగా 80 మిల్లీమీటర్ల పొడవు ఉన్న చిన్న పలక. 2280 అని రాసేది అందుకే. చాలామంది దాన్ని ధర అనుకుని సంతోషిస్తారు. ఈ పలకలు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు రెండు. పాతదైన సాటా రకం సెకనుకు 550 మెగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. కొత్తదైన ఎన్‌వీఎంఈ రకంలో నాలుగో తరానివి 7,000 దాకా పరుగెత్తుతాయి. ఇంత తేడా ఉన్న రెండింటికీ ఆకారం ఒక్కటే. అంచున ఒక గాటు ఉందా, రెండున్నాయా అని కళ్లజోడు సర్దుకుని చూడాలి. రెండుంటే సాటా, ఒకటే ఉంటే ఎన్‌వీఎంఈ. అయితే రెండు గాట్లున్న ఎన్‌వీఎంఈ కూడా అక్కడక్కడా తగులుతుంది. లేకపోతే పరీక్ష మరీ తేలికైపోదూ!

రెండు గాట్ల సాటా పలక, ఎన్‌వీఎంఈకి మాత్రమే కేటాయించిన స్లాటులోనూ చక్కగా కూర్చుంటుంది. కూర్చోవడమే గానీ పని చేయదు. జీతం అడగదు కనుక ఫిర్యాదుకు ఆస్కారం లేదు.

ఇక చాలా బోర్డుల మాన్యువల్‌లో, పట్టిక అడుగున, చీమ తలంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: ఫలానా ఎం.2 స్లాటు వాడితే ఫలానా సాటా పోర్టులు పనిచేయవు. కొత్త డ్రైవ్ బిగించగానే, ఆ పోర్టుకే తగిలించి ఉన్న పెళ్లి ఫొటోల పాత హార్డ్‌డిస్క్ మాయమైందని గుండెలు బాదుకునేవారంతా ఆ వాక్యం చదవనివారే. వారి పట్ల నాకు సానుభూతి లేదు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ కంప్యూటర్ దుకాణం ముందు నిలబడినా ఈ విద్యావ్యాప్తిని కళ్లారా చూడవచ్చు.

"మదర్‌బోర్డ్ ఏది సార్?"

"ఆకుపచ్చగా ఉంటుంది బాబూ."

"ఎప్పటిది?"

"కొత్తదేనయ్యా. మా అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు కొన్నాం."

అబ్బాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. బోర్డు హెచ్61 రకానిది, అంటే 2011 నాటి సరుకు. అందులో సాధారణంగా ఎం.2 స్లాటే ఉండదు. పెద్దాయన వేలు మాత్రం సెకనుకు 14,000 మెగాబైట్లని ముద్రించిన ఐదో తరం ఎన్‌వీఎంఈ పెట్టె మీదే ఉంది. కరెంటు బిల్లు కట్టడానికి, పంచాంగం చూడడానికి ఆ మాత్రం వేగం ఉండవద్దా? అడాప్టర్ కార్డు మీద ఎక్కించినా దాని నుంచి విండోస్‌ను లేపడం ఆ కాలపు బయాస్‌కు (స్విచ్ వేయగానే కంప్యూటర్‌ను నిద్రలేపే, బోర్డులోని ప్రోగ్రామ్) సాధారణంగా చేతకాదు. ఈ సంగతి దుకాణదారు చెబితే, తక్కువ రకం అంటగట్టాలని చూస్తున్నాడన్న అనుమానం ఎటూ ఉంటుంది.

కొన్న 1 టెరాబైట్ విండోస్‌లో 931 గిగాబైట్లుగా కనిపించడం మీద కూడా అకారణంగా రగడ చేస్తున్నారు. కంపెనీ వేయి చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున. నగల దుకాణంలో తరుగుకు నోరెత్తని వాళ్లం, ఇక్కడ తగవు పెట్టుకోవడం మర్యాద కాదు.

ఇంతటి వ్యవస్థకు ద్రోహం చేస్తున్నది ఒక్కటే: రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. పరమ సాదా వస్తువు. ఒక డేటా కేబుల్, ఒక పవర్ కేబుల్, అంతే. ఎల్ ఆకారపు కనెక్టర్ వల్ల తలకిందులుగా దూర్చే స్వేచ్ఛ కూడా లేదు. హెచ్61 బోర్డు మీద సగం వేగంతోనే నడుస్తుంది, అయినా సిగ్గుపడదు. హార్డ్‌డిస్క్ నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతూ, ఒక్కో ముక్క కోసం ముల్లును అటూ ఇటూ పరుగెత్తిస్తూ ఉంటే, తిరిగేదీ కదిలేదీ ఏమీ లేని ఈ డబ్బా అడిగిందే తడవుగా అందించి, చదువూ పరీక్షా లేకుండా పాత కంప్యూటర్‌ను లేపి కూర్చోబెడుతుంది. ఇది అన్యాయమైన పోటీ. మాన్యువల్ తెరవనివాడికీ, తెరిచి రాత్రంతా చదివినవాడికీ ఒకే ఫలితమా? దీన్ని తక్షణం బజారు నుంచి ఉపసంహరించాలని, అది కుదరకపోతే కనీసం ఎక్కడో ఒకచోట ఒక అర్థం లేని గాటైనా పెట్టించాలని సంబంధిత అధికారులకు మనవి.