‘ఇన్‌హాబిటబుల్’ అంటే ఉండలేని చోటు కాదండీ

మా పాప ఎనిమిదో తరగతి. మొన్న ఇంగ్లీషు టెస్టులో ‘ఇన్‌హాబిటబుల్’కి అర్థం ‘మనుషులు ఉండదగ్గ’ అని రాసింది. టీచరు ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, పక్కన ‘ఉండటానికి పనికిరాని’ అని దిద్దారు. పోయింది అర మార్కే. కానీ పాప ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఎందుకంటే అది రాసిందే కరెక్టు!

ఇన్‌కరెక్ట్, ఇన్‌విజిబుల్ వరసలో దీన్నీ కలిపేశారన్నమాట. ఈ మాటలో ‘ఇన్’ అంటే ‘కాదు’ అని కాదు, ‘లోపల’ అని. లాటిన్‌లో ఉండటాన్ని చెప్పే ‘హాబిటారే’ ముందు చేరింది. అందుకే హాబిటబుల్ అన్నా, ఇన్‌హాబిటబుల్ అన్నా ఒకటే. ఉండలేని చోటైతే ‘అన్‌ఇన్‌హాబిటబుల్’. ఫ్రెంచిలో మాత్రం ఇదే స్పెల్లింగుకి ఇవాళ్టికీ ‘ఉండలేని’ అనే అర్థం. ఒకప్పుడు ఇంగ్లీషులోనూ అలాగే వాడారు. ఆ వాడుక పోయి చాలా కాలమైంది. డిక్షనరీ తీస్తే నిమిషంలో తేలిపోయే సంగతి ఇది.

అసలు తంటా గైడ్లతో. లివ్, స్టే, రిసైడ్, ఇన్‌హాబిట్... అన్నిటికీ ‘నివసించు’ అని ఒకటే ముక్క. అది బట్టీ పట్టిన పిల్లలు ‘ఐ ఇన్‌హాబిట్ ఇన్ కూకట్‌పల్లి’ అని రాయక ఏం చేస్తారు? ఆ క్రియ తర్వాత మళ్లీ ‘ఇన్’ పెట్టకూడదు. పైగా అద్దె ఫ్లాట్ గురించి ఎవరూ ఆ మాట వాడరు. చెంచులు నల్లమలని ఇన్‌హాబిట్ చేస్తారు. ఒక జాతో, జంతువులో ఒక నేలని తమదిగా చేసుకుని బతకటం అది. అండమాన్ నికోబార్‌లో చిన్నా పెద్దా కలిపి 836 దీవులుంటే, మనుషులు స్థిరంగా ఉండేవి 31. మిగతావి అన్‌ఇన్‌హాబిటెడ్.

మన తెలుగులో ఇన్ని తేడాలు లేవా? అమ్మమ్మగారింట్లో నాలుగు రోజులు ఉండొస్తాం. ఫలానా వీధిలో కాపురం ఉంటాం. దస్తావేజులో ‘ఫలానా గ్రామ వాస్తవ్యులు’ అవుతాం. రెవెన్యూ రికార్డుల్లో ‘బేచిరాగ్’ గ్రామాలని ఉంటాయి, చూశారా? జనం వదిలేసి పోయిన ఊళ్లు. చిరాగ్ అంటే దీపం. దీపం లేని ఊరు! సెన్సస్‌లో అన్‌ఇన్‌హాబిటెడ్ విలేజ్ అనేది ఇలాంటి ఊళ్లనే.

పాపకి ఇదే చెప్పాను. ‘అంటే సాయంత్రం దీపం పెట్టేవాళ్లే లేరా నాన్నా?’ అంది. ఇక ఆ మాట జన్మలో మర్చిపోదు.

రేపు డిక్షనరీ పట్టుకుని స్కూలుకి వెళ్తున్నాను. మా పాపదే కాదు, కరెక్టుగా రాసిన పిల్లలందరి పేపర్లూ మళ్లీ దిద్దమని అడుగుతాను.