బులెటిన్ వచ్చేదాకా

2016 డిసెంబర్ 5 సాయంత్రం ముఖ్యమంత్రి జయలలిత కన్నుమూశారని కొన్ని తమిళ చానళ్లు చెప్పేశాయి. రాయపేటలోని పార్టీ కార్యాలయంపై జెండా సగానికి దిగింది. వార్త నిరాధారమనీ, చికిత్స సాగుతోందనీ అపోలో ఆసుపత్రి ప్రకటించాక మళ్లీ పైకెక్కింది. రాత్రి 11.30కు ఆమె మరణించారన్న అధికారిక ప్రకటన అర్ధరాత్రి దాటాక వచ్చింది. గంటల ముందే చెప్పి ఆ చానళ్లు బావుకున్నదేమిటో ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు.

చెన్నైలో తెలుగు పత్రిక నడిపే మాకు ఇది పక్కింటి గొడవ కాదు. తెలుగు పాటను, సినిమాను పెంచిన ఒక తరం ఈ ఊళ్లోనే వృద్ధాప్యం గడుపుతోంది. వారిలో ఎవరికి చిన్న నలత వచ్చినా ఓ యూట్యూబ్ థంబ్‌నైల్ పుడుతుంది: ‘ఇక లేరు?’ ఆ ప్రశ్నార్థకమే వాళ్ల లాయరు. అక్కణ్నుంచి హైదరాబాద్ వార్తా డెస్కుకు, స్క్రోలింగుకు, వాట్సాప్‌కు చేరేసరికి ప్రశ్నార్థకం రాలిపోతుంది. 2020 జూన్‌లో ఎస్.జానకి పోయారన్న పుకారుకు సమాధానంగా ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం స్వయంగా వీడియో పెట్టి, ఆమె క్షేమంగా ఉన్నారని చెప్పాల్సి వచ్చింది. దూరం వల్ల జరిగే పొరపాటు అనుకుందామంటే, 2023 మే 3న శరత్‌బాబును ‘చంపినప్పుడు’ ఆయన ఉన్నది డెస్కులున్న హైదరాబాద్‌లోనే. బతికే ఉన్నారని కుటుంబం చెప్పుకోవలసి వచ్చింది. ఆయన చనిపోయింది మే 22న.

ఇది సోషల్ మీడియా తెచ్చిన జబ్బు కూడా కాదు. 1979 మార్చి 22న లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ బొంబాయి జస్‌లోక్ ఆసుపత్రిలో ప్రాణాలతో ఉండగానే పార్లమెంటు ఆయనకు నివాళులర్పించింది. ఆయన అక్టోబర్ 8 దాకా ఉన్నారు. 2025 నవంబర్‌లో హిందీ నటుడు ధర్మేంద్ర బతికుండగానే కేంద్రమంత్రి స్థాయి నాయకుడే సంతాపం పెట్టి తీసేశారు. పెద్దవాళ్ల ట్వీటు ఆధారం కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి? వాళ్లు చూసేదీ మన స్క్రోలింగే.

‘రెండు వర్గాలు ధ్రువీకరించాయి’ అనే డెస్కు ఆ రెండూ ఒకే చోట విన్నాయా అని అడగదు. తప్పు ఎక్కువగా పుట్టేది అక్కడే. ప్రతి సమాచారదాతనూ ఒక్క మాట అడగాలి: మీకెలా తెలిసింది? ‘ఎవరో అన్నారు’ అంటే అది లెక్కలోకి రాదు. లెక్కకొచ్చేవి తక్కువే. సంతకం, తేదీ, సమయం ఉన్న ఆసుపత్రి బులెటిన్, పేరు పెట్టి మాట్లాడే దగ్గరి కుటుంబసభ్యుడు, అధికార లాంఛనాలపై ప్రభుత్వ ప్రకటన. బులెటిన్ స్క్రీన్‌షాట్ వస్తే అదీ చాలదు. లెటర్‌హెడ్ పాతదే ఉంచి కింది నాలుగు వాక్యాలు మార్చడం ఫోనులో రెండు నిమిషాల పని. ఆసుపత్రి అధికారిక ఖాతాలో ఉందో లేదో చూసి, అక్కడి ప్రజాసంబంధాల అధికారికి ఫోన్ చేయాలి.

బులెటిన్ భాష తెలియకపోవడం ఇంకో చిక్కు. ‘ఎక్స్‌ట్రీమ్లీ క్రిటికల్’ అంటే పరిస్థితి అత్యంత విషమమని, మరణం కాదు. ఎక్మో యంత్రం రక్తాన్ని బయటికి తీసి, ప్రాణవాయువు ఎక్కించి, తిరిగి ఒంట్లోకి పంపుతుంది. అందులో ఒక రకం ఊపిరితిత్తులకే సాయపడుతుంది, ఇంకోటి గుండె పని కూడా చేస్తుంది. రెండో రకం మీదున్న రోగికి గుండె సరిగా కొట్టుకోకపోయినా ప్రాణం ఉండవచ్చు. కాబట్టి ‘గుండె ఆగిందట’ అని వార్డులో విన్న మాట నిజమే అయినా, దాంతో మరణవార్త రాయడానికి వీల్లేదు. మరణకారణంగా ‘కార్డియాక్ అరెస్ట్’ అని రాసి వదిలేయడమూ అంతే. ఎవరు పోయినా చివరికి గుండె ఆగుతుంది. ఆసుపత్రి ఇచ్చే మరణకారణ ధ్రువపత్రం ‘ఫారం 4’లో తక్షణ కారణం, దానికి దారితీసిన కారణాలు వేర్వేరు గడుల్లో ఉండేది అందుకే.

ఆసుపత్రులు దాస్తాయి కదా అన్న వాదనలో నిజముంది. బెంగళూరులో 2006లో కన్నడ నటుడు రాజ్‌కుమార్ మరణానంతరం అల్లర్లలో ప్రాణాలు పోయాయి. అలాంటి భయంతో బందోబస్తు కుదిరేదాకా ప్రకటన ఆపడం జరగవచ్చు. జయలలిత మరణ సమయంపైనే ఆసుపత్రి ఒకటి చెప్పింది, ఆమె మరణంపై విచారణ జరిపిన ఆర్ముగస్వామి కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చి అంతకు ముందురోజు మధ్యాహ్నం అంది. కనుక సమయం రాసేటప్పుడు ‘ఆసుపత్రి ప్రకటన ప్రకారం’ అన్న రెండు మూడు మాటలు మింగేయకూడదు. అయితే దాస్తున్నారన్న అనుమానం ఊహించి రాయడానికి లైసెన్సు కాదు. కళ్లెదుట ఉన్నది రాయొచ్చు: గేటు దగ్గర అదనపు బలగాలు దిగాయి, ఫలానా మంత్రి లోపలికెళ్లారు, ఉదయం నుంచి కొత్త బులెటిన్ లేదు. చదువరికి ఇది చాలు, అర్థం చేసుకుంటాడు.

2020లో బాలు విషయంలో ఈ ఓపిక కొంతవరకు కనిపించిందంటే కారణం ఆయన కుమారుడు చరణ్. ఆగస్టు 5న ఎంజీఎం హెల్త్‌కేర్‌లో చేరినప్పటి నుంచి సెప్టెంబర్ 25 మధ్యాహ్నం 1.04 దాకా అటు ఆసుపత్రి బులెటిన్లు, ఇటు ఆయన మాటలు వస్తూనే ఉన్నాయి. అయినా మధ్యలో కరోనా నెగెటివ్ వచ్చిందని ‘బ్రేకింగ్’ వేసినవాళ్లు వేశారు. దాన్నీ చరణే ఖండించారు.

మరణం ఖాయమయ్యాక రెండో రకం తప్పులు మొదలవుతాయి. 2023 ఫిబ్రవరి 4న వాణీ జయరాం నుంగంబాక్కం ఇంట్లో మరణించారు. పద్మభూషణ్ ప్రకటించి పట్టుమని పది రోజులు. నుదుటిన గాయం ఉండటంతో పోలీసులు కేసు పెట్టారు. అంతే, ‘అనుమానాస్పద మృతి’ అక్షరాలు తెరంతా పరుచుకున్నాయి. ఇంట్లో ఒంటరిగా గాయంతో ఎవరు పోయినా అప్పటి నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 174 సెక్షన్ కింద ఆ కేసు మామూలే. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో అదే 194. అది విచారణకు మొదటి కాగితం, నేరారోపణ కాదు. పడిపోవడం వల్ల తగిలిన దెబ్బేనని పోలీసులు తేల్చిన సంగతి ఎన్ని తెరలమీద అంతే పెద్ద అక్షరాల్లో వచ్చింది? 2018లో శ్రీదేవి మరణం తర్వాత ఓ తెలుగు చానల్ విలేఖరి బాత్‌టబ్‌లో పడుకుని చూపించాడు. దాని గురించి ఇంకేం రాయలేం. ఆత్మహత్య అయితే 2019లో ప్రెస్ కౌన్సిల్ స్వీకరించిన మార్గదర్శకాలు స్పష్టంగానే ఉన్నాయి: పద్ధతి, చోటు వివరించొద్దు, ఫొటోలు, వీడియోలు వాడొద్దు, మొదటి పేజీలో ఊదరగొట్టొద్దు. కింద మానసిక సాయం అందించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 వేయడం ఒక లైను పని.

సిద్ధం చేసి ఉంచే నివాళి వ్యాసాల సంగతీ చెప్పుకోవాలి. అవి ఉండటం తప్పు కాదు, లేకపోవడమే తప్పు. హడావిడిలో రాస్తే బాలు 1966లో పాడిన తొలి పాట, 1967లో విడుదలైన సినిమా కలగాపులగమవుతాయి, జీవితకాలంలో ఇవ్వని పురస్కారం ఇచ్చేస్తారు. కానీ ఫైలును సైట్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంచితే ముప్పు. 2020 నవంబర్‌లో ఫ్రెంచ్ రేడియో సంస్థ ఆర్ఎఫ్ఐ వ్యవస్థ మార్చుకుంటూ అప్పటికి బతికున్న దాదాపు వంద మంది ప్రముఖుల నివాళులు ప్రచురించేసింది, అందులో ఎలిజబెత్ రాణి, పీలే కూడా ఉన్నారు. తేదీ, వయసు, ఆసుపత్రి స్థానంలో ఖాళీలుంచి, బయటి ఫోల్డర్లో పెట్టి, ఏడాదికోసారి సరిచూడాలి. సందేహాలుంటే ఆ కళాకారుణ్నే అడగండి. ఇంటర్వ్యూ పేరుతో వెళితే సంతోషంగా చెబుతారు.

తప్పు ప్రచురించాక గుట్టుగా తీసేయడం మా రంగంలో అలవాటైపోయింది. ఫోన్లకు వెళ్లిన నోటిఫికేషన్ వెనక్కి రాదు. శీర్షిక మార్చినా లింకులో పాత అక్షరాలు అలాగే ఉంటాయి. అదే లింకులో, అదే చోట, ‘ఇన్ని గంటలకు ఇలా రాశాం, అది తప్పు’ అని పెట్టాలి. నోటిఫికేషన్‌తో పోయిన తప్పుకు సవరణా నోటిఫికేషన్‌తోనే పోవాలి. టీవీలో స్క్రోలింగ్ ఎంతసేపు నడిచిందో సవరణ అంతసేపూ నడవాలి.

నగరంలోని పెద్దాసుపత్రులకూ ఒక మాట. ప్రముఖులు ఐసీయూలో ఉన్నప్పుడు, కుటుంబం అనుమతితో, రోజూ ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి, చెప్పిన వేళకు బులెటిన్ ఇవ్వండి. మార్పు లేకపోతే మార్పు లేదనే రాయండి. తమిళం, ఇంగ్లిష్‌తో పాటు రోగి తెలుగువారైతే తెలుగులోనూ ఇస్తే ఇక్కడి డెస్కులకు అనువాదం బాధ తప్పుతుంది.