సైరన్ మోగితే సరిపోదు, కబురు చేరాలి

చెన్నైలో షాపులకీ ఇళ్లకీ దొంగల అలారాలు బిగించడం నా పని. నేను చెప్పబోయేది మా లైన్‌లో చాలామందికి నచ్చదు, అయినా చెప్పి తీరాలి. మీ అలారం మీకు కబురు పంపే దారి ఇంకా బతికే ఉందో లేదో మీకు ఎవరూ చెప్పడం లేదు. ఏటా ఏఎంసీ (వార్షిక మరమ్మతుల ఒప్పందం) డబ్బులు కట్టించుకునేవాళ్లు కూడా చెప్పడం లేదు. ఇది అన్యాయం.

ఈమధ్య గోవిందప్ప నాయకన్ వీధిలో ఒక బట్టల షాపుకి వెళ్లాను. ప్యానెల్, అంటే అలారాన్ని నడిపే పెట్టె, ఖాతా పుస్తకాల బీరువా పక్కన దుమ్ము పట్టి ఉంది. అలారం ఆన్ చేసి సెన్సర్ ముందు నడిస్తే హూటర్ (సైరన్) చెవులు చిల్లులు పడేలా మోగింది. "చూశావా బాబూ, బ్రహ్మాండంగా ఉంది" అన్నారు శెట్టిగారు. "మీ ఫోన్ మోగిందా శెట్టిగారూ?" అని అడిగాను. జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నారు. కాల్ లేదు, మెసేజ్ లేదు. మూత తీస్తే లోపల 2జీ డయలర్ (సిమ్‌తో యజమానికి కాల్ చేసే పరికరం), అందులో ఎప్పుడో చచ్చిపోయిన సిమ్. గోడకి తగిలించిన సర్వీస్ రిపోర్టులో మాత్రం వరసగా "సిస్టమ్ ఓకే" అని సంతకాలు.

పగలు కాలు పెట్టడానికి చోటుండని ఆ వీధిలో రాత్రి షట్టర్లు దించాక మనిషి కనపడడు. హూటర్ ఎవరి కోసం మోగాలి? 2023 ఫిబ్రవరిలో పెరంబూరులో నగల షాపు షట్టర్‌ను గ్యాస్ కట్టర్‌తో కోసి తొమ్మిది కిలోల బంగారం ఎత్తుకుపోయారు. అంత తీరిగ్గా పని చేసుకునేవాడికి కాసేపు మోగి ఆగిపోయే శబ్దం ఒక లెక్కా? యజమాని ఫోన్ మోగాలి, అదీ ఆ నిమిషంలోనే.

అలారం సిమ్‌కు ఇంకో చిక్కుంది. బ్యాలెన్స్ లేకుండా 90 రోజులు వాడని సిమ్‌ను ఫోన్ కంపెనీ తీసేయొచ్చని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన. అలారం సిమ్ కాల్ చేసేది దొంగ వచ్చినప్పుడే. అంటే దొంగ రాకపోవడమే ఆ సిమ్‌కు గండం! నెలనెలా టెస్ట్ కాల్, క్రమం తప్పని రీచార్జ్ ఉంటేనే అది బతుకుతుంది. ఆ బాధ్యత ఎవరిదో ఒప్పంద కాగితంలో రాయరు.

నెట్‌వర్కే పోతే ఎలా ఉంటుందో చెన్నై వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ సిగ్నల్ పోయి, నంబర్ మార్చుకోవడానికి ఊరంతా క్యూ కట్టింది. మనుషులు క్యూలో నిలబడ్డారు సరే, గోడ మీది ప్యానెళ్ల తరఫున ఎవరు నిలబడ్డారు? ఆ తర్వాత ఎయిర్‌టెల్ 2020కల్లా 3జీ ఆపేసింది, 2జీని ఉంచింది. జియోకైతే మొదటినుంచీ 2జీ లేనే లేదు. 2జీ, 3జీలను పూర్తిగా మూసేసేలా ప్రభుత్వం విధానం తేవాలని 2024 జనవరిలో అదే జియో ట్రాయ్‌కు రాసింది. గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది కదా. అయినా ఇప్పటికీ 2జీ డయలర్లనే కొత్త సరుకంటూ అంటగడుతున్నారు.

బయటి దేశాల్లో దీని మీద పెద్ద గొడవే జరిగింది. అమెరికాలో 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ 3జీ ఆపేముందు, గడువు పెంచండని అలారం కంపెనీలు అక్కడి నియంత్రణ సంస్థ దగ్గరకు వెళ్లాయి. బ్రిటన్‌లో రాగి తీగల ఫోన్ వ్యవస్థను 2025 డిసెంబరుకు ఆపాలనుకుని, వృద్ధుల ఇళ్లలోని ఎమర్జెన్సీ అలారాలు మూగబోతాయన్న భయంతో 2027 జనవరికి జరిపారు. అక్కడ కనీసం తేదీ చెప్పారు, జనం అడిగారు. మనకు కావలసింది కూడా అదే. నెట్‌వర్క్ ఆపేముందు ఇలాంటి పరికరాలున్నవాళ్లకు ముందుగా, లిఖితంగా నోటీసు ఇవ్వాలి. బిగించినవాడు ఇంటికొచ్చి సరిచేయాలి.

"అప్‌గ్రేడ్" పేరుతో మొత్తం సిస్టమ్ పీకి కొత్తది పెట్టాలని ఎవరైనా అంటే వెంటనే సరేననకండి. సెన్సర్లు, డోర్ కాంటాక్టులు, వైరింగ్, హూటర్ బాగుంటే చాలాచోట్ల కబురు పంపే డయలర్ ఒక్కటి మారిస్తే చాలు. కొత్తది 4జీ అని అట్టపెట్టె మీద రాసి ఉంటే సరిపోదు, వోల్టీ (4జీ మీదే కాల్ చేసే సదుపాయం) ఉందా అని అడగండి. వోల్టీ లేని 4జీ డబ్బా కాల్ చేయాల్సి వస్తే మళ్లీ 2జీ వెతుక్కుంటుంది. జియో సిమ్ వేస్తే దానికి కాలే పోదు.

ఇంకొకటి, ఒక్క దారి మీద ఆధారపడొద్దు. రాగి తీగ ఫోన్‌కు కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా లైన్ ఉండేది. ఫైబర్ మోడెమ్‌కు ఇంటి కరెంటే దిక్కు. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫానప్పుడు రోజుల తరబడి కరెంటు లేని వీధుల్లో వైఫై అలారాలు ఏం చేశాయో వాటి యజమానులనే అడగండి. ఫైబర్ ఒకటి, సిమ్ ఒకటి, రెండూ ఉండాలి. మోడెమ్‌కు చిన్న యూపీఎస్, ప్యానెల్‌లో వేళకు మార్చిన బ్యాటరీ ఉండాలి. లైన్ తెగితే వెంటనే తెలిసేలా ప్యానెల్ నుంచి సర్వర్‌కు ఎప్పటికప్పుడు సిగ్నల్ వెళ్తుండాలి.

ఈసారి ఏఎంసీ మనిషి వచ్చినప్పుడు మీ ముందే అలారం మోగించమనండి. తర్వాత మోడెమ్ ఆపేసి ఇంకోసారి మోగించమనండి. రెండుసార్లూ మీ ఫోన్‌కు కబురు వచ్చాకే రిపోర్టు మీద సంతకం పెట్టండి.