హైదరాబాద్ అమ్మాయికి హైదరాబాద్ రాదు

మొన్న ఆదివారం నేనూ మా మేనల్లుడూ ఉప్పల్‌లో మెట్రో ఎక్కాం. వాడు ఇంటర్ సెకండ్ ఇయర్, చదువు సంగతి దేవుడెరుగు గానీ గేమింగ్ వీడియోలు మాత్రం రోజూ పాఠాల్లా చూస్తాడు. ఆ రోజు పాత జపాన్‌లో నడిచే అస్సాసిన్స్ క్రీడ్ షాడోస్ అనే గేమ్‌ని ఎవడో గంటసేపు తిట్టిన వీడియో పెట్టుకుని, చెవిలోంచి ఇయర్‌ఫోన్ ఒకటి తీసి "జపాన్‌ల నల్లోడు సమురాయ్ ఏంది మామా, కావాలని దూర్చిన్రు" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పైన స్పీకర్‌లోంచి తర్వాతి స్టేషన్ హబ్సిగూడ అని వినిపించింది. నాకు నవ్వాగలేదు. హబ్సి అంటే ఏంట్రా అన్నా. "ఏరియా పేరు మామా" అన్నాడు.

హబ్షీలంటే అబిస్సీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా వైపు నుంచి వచ్చినవాళ్లు. నిజాం దగ్గర ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని గుర్రపు దళమే ఉండేది, మాసబ్ ట్యాంక్ పక్కన మనం రోజూ ఏసీ గార్డ్స్ అని పిలిచే చోటుకి ఆ పేరు అలా వచ్చిందే, కూలింగ్ ఏసీకి దానికీ ఏం సంబంధం లేదు. ఆ హబ్షీలనే సిద్దీలు అని కూడా అంటారు, వాళ్ల పిల్లల పిల్లలు ఇప్పటికీ అక్కడున్నారు. బరాత్‌లో మర్ఫా కొడితే ఊగిపోతాం కదా, అందులో వాళ్ల చెయ్యి ఉంది. ఇంకొంచెం వెనక్కి పోతే ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, దక్కన్‌కి చేరిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి 1626లో చనిపోయేదాకా మొఘలులకి నిద్రలేకుండా చేశాడు. ఇదంతా మన గడ్డ మీద జరిగింది. మరి 1581లో జపాన్‌లో ఓడా నోబునగా అనే దొర దగ్గర, ఆ గేమ్‌లో ఉన్న యాసుకే అనే ఆఫ్రికన్ కొలువు చేశాడంటే హైదరాబాదీకి ఎందుకు వింతగా ఉండాలి? అతన్ని పక్కా సమురాయ్ అనాలా వద్దా అన్నది చరిత్రకారులు వాదించుకుంటున్నారు, వాదించుకోనీ, మనిషైతే ఉన్నాడు.

ఆ గేమ్ మీద జపాన్‌లో వచ్చిన గొడవ మాత్రం వేరే. గేమ్‌లో గుడిలోకి పోయి సామాన్లు పగలగొట్టచ్చని తెలిసి అక్కడివాళ్లకి కాలింది, 2025 మార్చిలో పార్లమెంటులో అప్పటి ప్రధాని ఇషిబాని కూడా దాని గురించి అడిగారు. అది తమ గుడి గురించి తమ బాధ, అర్థం చేసుకోవచ్చు. ఇంటర్నెట్‌లో మాత్రం దీన్నీ నల్లోడి మీద కోపాన్నీ కలిపి ఒకే గిన్నెలో వండేశారు, మావాడు తిన్నది ఆ వంటే.

వాణ్ణి అని ఏం లాభం, నేను పెరిగిందీ అలాగే. వైస్ సిటీ అనే గేమ్ వచ్చింది 2002లో, మా కాలనీ నెట్ కేఫ్‌లో గంటకి ఇంత అని కట్టి, పక్కోడి మోచెయ్యి తగులుతుండగా ఆడేవాళ్లం. హైతీ అని ఒక దేశం ఉందని నాకు తెలిసింది ఆ గేమ్‌తోనే, అదీ క్యూబన్లతో కొట్టుకునే గ్యాంగ్ పేరుగా. హైతీయన్లందర్నీ చంపెయ్యమనే డైలాగ్ ఒకటి ఉండేది అందులో, అమెరికాలో హైతీ వాళ్లు రోడ్డెక్కితే 2003లో కంపెనీ తీసేస్తామని ఒప్పుకుంది. మాకు ఆ సంగతే తెలీదు, తెలిసినా "గేమే కదా" అనుండేవాళ్లం. తెల్లోళ్లకి బానిసలుగా బతికినవాళ్లు తిరగబడి 1804లో స్వతంత్రం తెచ్చుకున్న దేశం అదని నేను చదివింది చాలా ఏళ్లకి.

ఇప్పుడు మన సంగతికొద్దాం. 1991లో జపాన్ వాళ్లు చేసిన ఫైటింగ్ గేమ్ స్ట్రీట్ ఫైటర్ టూ. కాయిన్ వేసి ఆడే పార్లర్‌లో మెషిన్ ముందు ఆరుగురం గుమిగూడితే ఒక్కడు కూడా అందులోని ఇండియా ఫైటర్‌ని తీసుకునేవాడు కాదు. వాడే ధాల్సిమ్, గుర్తున్నాడా? బక్కచిక్కిన ఒళ్లు, మెడలో మూడు పుర్రెలు, సాగే చేతులు, నోట్లోంచి మంట, వెనకాల ఏనుగులు. వాడి పెళ్లాం పేరు సాలీ, ఏ జిల్లా ఆడపిల్లో మరి, ఏనుగు పేరేమో కోడల్, తెలుగు చెవికి ఇంకోలా వినిపిస్తుంది కదా. ఆ పుర్రెలు వాడి ఊళ్లో రోగమొచ్చి పోయిన పిల్లలవి, బీద ఊరికి డబ్బులు పంపడానికి ఫైటింగ్ చేస్తాడు, అంటే కథ రాసినవాడికి మనసుందనే చెప్పాలి. అయినా మేం వాణ్ణి చూసి సిగ్గుపడేవాళ్లం. మెషిన్ మీద ఇండియా జెండా కనపడగానే ఎవడో ఒకడు కిసుక్కున నవ్వేవాడు, మిగతావాళ్లం రియూ వైపు దూకేవాళ్లం.

దీనికి ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటుంది, జపాన్ వాళ్లు తమని కూడా సుమో హోండాగా వేసుకున్నారు కదా, అందర్నీ సమానంగానే వెక్కిరించారు కదా అని. లెక్కేసి చూడండి. మనం ఆడగలిగేవాళ్లు మొత్తం 8 మంది. జపాన్‌కి హోండా ఉన్నాడు, పక్కనే రియూ కూడా ఉన్నాడు. అమెరికాకి కెన్ ఉన్నాడు, గైల్ ఉన్నాడు. ఇండియాకి ధాల్సిమ్ ఒక్కడే, బ్రెజిల్‌కి పచ్చ మృగం బ్లాంకా ఒక్కడే. ఇద్దరున్నవాడు ఒకణ్ణి కార్టూన్ చేసుకుని నవ్వుకోగలడు, ఎందుకంటే ఇంటికెళ్లడానికి ఇంకోడున్నాడు. ఒక్కడే ఉన్నవాడికి ఆ కార్టూనే రేషన్ కార్డు. స్టీరియోటైప్ గొడవంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది, బొమ్మ ఎంత వికారంగా ఉంది అన్నదాని కంటే ఆ బొమ్మ తప్ప ఇంకేం ఇచ్చారు అన్నది అసలు లెక్క.

రెసిడెంట్ ఈవిల్ ఫైవ్ అనే గేమ్‌ని కూడా ఇలాగే చూడాలి. 2007లో వచ్చిన ట్రైలర్‌లో ఒక తెల్ల హీరో ఆఫ్రికా ఊళ్లో గుంపులు గుంపులుగా మీదికొచ్చే నల్లవాళ్లని కాలుస్తుంటే, దాని గురించి 2008లో న్గాయ్ క్రోల్ అనే అమెరికన్ జర్నలిస్టు ఈ బొమ్మలకి వెనకాల ఒక చరిత్ర ఉంది, చేసినవాళ్లకి అది గుర్తున్నట్టు లేదు అనే అర్థంలో మాట్లాడాడు. ఫ్యాన్స్ విరుచుకుపడ్డారు, ముందు గేమ్‌లో స్పెయిన్ పల్లెటూరి వాళ్లని చంపితే ఎవడూ ఏమనలేదే అని. వాదన పైపైన బాగానే ఉంటుంది. కానీ స్పెయిన్ వాడు వేరే వంద గేముల్లో, సినిమాల్లో రాజూ ప్రేమికుడూ నావికుడూ అయ్యాడు. గేముల్లో ఆఫ్రికా పల్లెటూరివాడికి ఇంకెన్ని వేషాలు దొరికాయి? 2009లో గేమ్ వచ్చేసరికి షేవా అనే ఆఫ్రికన్ పార్ట్‌నర్ ఉంది, కొంచెం ముందుకెళ్తే మాత్రం గడ్డి బట్టలు కట్టి ఈటెలు పట్టుకున్న మనుషులు వస్తారు, అది చూసి నేనైతే కంట్రోలర్ పక్కన పెట్టా.

కొన్ని చోట్ల ద్వేషం కూడా ఉండదు, వట్టి బద్ధకం. 2009లోనే వచ్చిన మోడర్న్ వార్‌ఫేర్ టూ అనే తుపాకీల గేమ్‌లో కరాచీ మ్యాప్ ఉంది, గోడల మీద బోర్డులన్నీ అరబిక్. కరాచీలో ఉర్దూ రా బాబూ. చార్మినార్ దగ్గర షాపులన్నిటికీ తమిళ్ బోర్డులు పెట్టి "ఏదో సౌతిండియా కదా" అన్నట్టు. కోట్లు పోసి తుపాకీ బోల్టు శబ్దాన్ని నిజం తుపాకీతో రికార్డ్ చేసుకునే పరిశ్రమ ఇది, కరాచీ వాణ్ణి ఒక్కణ్ణి కూర్చోబెట్టి బోర్డులు చదివించడానికి మాత్రం టైం లేకపోయింది.

తెలంగాణ వాళ్లకి ఇదంతా అంత విడమర్చి చెప్పాల్సిన పని లేదనుకుంటా. ఏళ్ల తరబడి తెలుగు సినిమాలో మన యాస ఎవరికిచ్చారు? రౌడీకి, తాగుబోతుకి, పనివాడికి, హీరో చేతిలో దెబ్బలు తినే కమెడియన్‌కి. హీరో మాత్రం ఏ బస్తీలో పుట్టినా కృష్ణా గుంటూరు తెలుగే మాట్లాడేవాడు. థియేటర్లో మనమే ఈలలేసి నవ్వాం, ఇంటికొచ్చాక అదే యాసలో అమ్మని అన్నం పెట్టమన్నాం, కాలేజీలో ఇంకో ఊరివాడి ముందు నాలుక మడిచి భాష మార్చుకున్నాం. రౌడీకి ఆ యాస ఉండకూడదని కాదు బాధ, డాక్టర్‌కీ లవర్‌కీ కూడా ఉండచ్చు కదా అని. ఇప్పుడు మారింది, హీరోలే ఆ యాసలో మాట్లాడుతున్నారు, టికెట్లు కూడా తెగుతున్నాయి.

ఇక అసలు మనూరి అమ్మాయి దగ్గరికొస్తా. 2016లో వచ్చిన ఓవర్‌వాచ్ అనే గేమ్‌లో సిమెట్రా అని క్యారెక్టర్, అసలు పేరు సత్య వాస్వానీ, కథ ప్రకారం పుట్టింది హైదరాబాద్‌లో, కటిక పేదరికంలో. విష్కర్ అనే పెద్ద కంపెనీ ఆ పిల్ల తెలివి చూసి తీసుకెళ్లి చదివిస్తుంది, పెద్దయ్యాక వెలుతురుతో బిల్డింగులు కడుతుంది. ఆటిజం ఉన్న మనిషిగా కూడా ఆమెని రాశారు, గొంతిచ్చింది అంజలి భీమాని అనే భారత సంతతి నటి. కష్టపడ్డారు, కాదనను. పేద పిల్లని కంపెనీ ఎత్తుకుపోయి ఇంజనీర్‌ని చెయ్యడం అన్నది అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల మీదుగా హైటెక్ సిటీకి పోయే రూట్ తెలిసిన ఎవడికైనా భలే దగ్గరగా ఉంటుంది. కానీ ఆ అమ్మాయి నోరు తెరిస్తే ఇంగ్లీషు, మధ్యమధ్యలో శుద్ధ హిందీ. ఒక తెలుగు ముక్క లేదు, పోనీ బస్తీలో పుట్టింది కదా, ఒక "హౌ", ఒక "నక్కో" అయినా వినపడదు. హైదరాబాద్ అనేది బయోడేటాలో ఊరి పేరు, అంతే. ఇండియా అంటే హిందీ, హిందీ అంటే నమస్తే, నమస్తే అంటే యోగా. పుర్రెలు పోయాయి, మర్యాద వచ్చింది, తెలుసుకోవాలన్న ఆసక్తి మాత్రం పెద్దగా పెరగలేదు.

దాని మీద మనవైపు నుంచి వచ్చిన గొడవ ఏంటో తెలుసా? ఆమెకి దేవి వేషం వేసే స్కిన్, అంటే పైన తొడిగే వేషం, ఒకటుంటే అది తీసెయ్యాలని అమెరికాలో ఉండే రాజన్ జెద్ అనే హిందూ నాయకుడు డిమాండ్ చేశాడు. ఆయనే 2009లో ప్లేస్టేషన్ టూ మీద వచ్చిన హనుమాన్ బాయ్ వారియర్ మీదా అభ్యంతరం చెప్పాడు, దేవుణ్ణి బటన్లతో ఆడించడమేంటని. ఆ గేమ్ చేసిందెవరనుకున్నారు, అరోనా అనే కంపెనీ, మన హైదరాబాద్‌దే! భక్తితో చేశారో బిజినెస్ కోసం చేశారో గానీ తెల్లోడు చేసిన అవమానమైతే కాదు. దేవుడి గురించి అడగొద్దని నేననను, ఎవరి మనసు వాళ్లది. కానీ దేవుడి బొమ్మకి ఒక లెటర్ పోతుంది, మనిషి భాషకి ఒక్క లెటరూ పోదు, నాకు అక్కడ గుచ్చుకుంటుంది.

పైగా మనం బాధితులం మాత్రమే అనుకుంటే హెడ్‌సెట్ పెట్టుకుని పది నిమిషాలు కూర్చోండి. బయటి సర్వర్లలో మన ఇంగ్లీషు వినగానే టెక్ సపోర్ట్ జోకు పడుద్ది, మనవాడికి మండుద్ది, న్యాయమే. అదే మనవాడు ఫోన్ గేమ్‌లో స్క్వాడ్‌లోకి మణిపూర్ కుర్రాడెవడో వస్తే పిలిచే పిలుపు నేను ఇక్కడ రాయలేను. మావాడి నోట కూడా విన్నా, వాళ్లమ్మ వంటింట్లోంచి వినలేదు కాబట్టి బతికిపోయాడు.

బాగా చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 2023లో వచ్చిన వెన్బా అనే గేమ్, కెనడాకి వలసపోయిన ఒక తమిళ ఇంటి కథ, టొరంటోలో చేశారు, మరుసటేడు తొలి గేమ్ కేటగిరీలో బాఫ్టా అనే బ్రిటిష్ అవార్డు కూడా కొట్టింది. అందులో చేసే పనల్లా వంట. అమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం పాడై చెరిగిపోయి ఉంటుంది, ఇడ్లీ ప్లేట్లు ఏ వరసలో పెడితే ఆవిరి అన్నిటికీ తగులుతుందో మనమే కనిపెట్టాలి. ఇడ్లీ ఎవడికి తెలీదు, కానీ ప్లేట్లు ఎలా పేర్చాలో తెలిసినవాడే ఆ గేమ్ చెయ్యగలడు, నేను ఆ లెవెల్‌లో తప్పు పెట్టి మా ఆవిడ చేత తిట్లు తిన్నా.

ఇదంతా మావాడికి ఒక్క స్టేషన్ దూరంలో చెప్పలేదులెండి, తిరుగు ప్రయాణం కూడా పట్టింది. మొత్తం విని, "సరే మామా, యాసుకే ఓకే" అన్నాడు ఏదో పర్మిషన్ ఇచ్చినట్టు. మరి నువ్వే హైదరాబాద్ మ్యాప్ చేస్తే ఏం పెడతావురా, చార్మినారా, బిర్యానీయా అనడిగా. కాసేపు ఆలోచించాడు. "అవి అందరు పెడ్తరు మామా. ఫస్ట్ మిషన్ల మెహదీపట్నం పోవాలె, ఆటో అన్న రానంటడు. ఇంకో ఆటో అడిగితే వాడు గూడ రానంటడు."

అప్పుడేం చెయ్యాలి అన్నా.

"ఏం లేదు మామా, టైమర్ అయిపోతది."